పది సెంట్ల నాణెం మందం

ఆర్లిస్ ట్రెప్టో జాకులు బాగుచేస్తుంది. కారు కిందికి తోసి, పొడుగాటి పిడిని పదిసార్లు కొడితే బండిని నేల మీంచి లేపే చక్రాల జాకులు. అమెరికాలో మిషిగన్ సరస్సు ఒడ్డున, షెబాయ్‌గన్‌కి కాస్త ఉత్తరాన ఆమె ఊరు. ఆ ఊళ్లో ఇల్లున్న ప్రతివాడికీ గ్యారేజీ ఉంది. గ్యారేజీ ఉన్న ప్రతివాడికీ జాక్ ఉంది. శనివారం పొద్దున ఏ వీధిలో నడిచినా నాలుగైదు గ్యారేజీల తలుపులు తెరిచి ఉంటాయి. ఒక్కోదాంట్లో ఒక్కో కారు ముక్కు పైకెత్తి నిలబడి ఉంటుంది. దాని కిందనుంచి ఒక జత బూట్లు బయటికి కనిపిస్తాయి.

ఆర్లిస్ ఆ బూట్లను చూస్తుంది. కారును చూడదు.

పందొమ్మిదేళ్లప్పుడు, 1957లో, ఆమె జాకుల ఫ్యాక్టరీలో చేరింది. రైలు పట్టాల పక్కన పొడుగాటి ఇటుక కట్టడం. మొదటి నాలుగేళ్లు, నూనె కారకుండా ఆపే రబ్బరు సీళ్లు తొడిగే బల్ల దగ్గర. తర్వాత పరీక్ష గదిలో. ఆ గదిని ఇర్మా అనే పెద్దావిడ నడిపేది. ఇర్మా మాటల మనిషి కాదు. మొదటిరోజు ఆర్లిస్‌ను ఒక జాక్ ముందు నిలబెట్టి ఇంతే చెప్పింది.

“ఎత్తటానికేముంది, ఏ జాకైనా ఎత్తుతుంది. ఎత్తింది పట్టుకుని ఉంటుందా లేదా, అది చూడు.”

చూసే పద్ధతి ఇది. సాయంత్రం జాక్ మీద టన్నున్నర బరువు ఎక్కిస్తారు. జాక్ తలకు పైనుంచి తాకేటట్టు ఒక ఇనప మేకును ఆనించి పెడతారు. ఇళ్లకు పోతారు. లోపల నూనె వెంట్రుకవాసి కారినా పొద్దుటికి తల దిగుతుంది, మేకు కింద సందు పడుతుంది. ఆ సందులో పది సెంట్ల నాణెం దూరకపోతే జాక్ లారీ ఎక్కుతుంది. దూరితే వెనక్కి పోతుంది. ఎవరు కట్టారు, ఎంత కష్టపడ్డారు, ఆరోజు లారీ ఎంత తొందరలో ఉంది, ఇవేవీ ఇర్మా అడిగేది కాదు. ఆమె తర్వాత ఆర్లిస్ కూడా అడగలేదు. ఫోర్‌మన్లు బతిమాలారు, కసిరారు. ఆమె నాణెం తీసి చూపించేది.

1991లో ఫ్యాక్టరీ మూతపడింది. ఊళ్లో చాలామంది ఏడ్చారు. ఆర్లిస్ మరుసటి సోమవారం హిల్బర్ట్ మరమ్మతు షెడ్డుకు వెళ్లి, ఓ మూల చోటివ్వమని అడిగింది. హిల్బర్ట్ ఇచ్చాడు. ఏడేళ్లు ఆ మూలనే కూర్చుని చుట్టుపక్కల ఊళ్ల జాకులన్నీ బాగుచేసింది.

మంచి జాక్‌ను ఆమె ముందు చేత్తో పోల్చుకుంటుంది. పిడి పట్టి ఒక చివర లేపి చూస్తుంది. రెండు పక్కలా మందపాటి ఇనప పలకలుంటే నడుం ఆ సంగతి చెబుతుంది. పెద్ద దుకాణాల్లో అమ్మే కొత్త జాకులు అలా ఉండవు. రేకును మడతపెట్టి పలక అనిపిస్తారు. ఎర్రరంగు నిగనిగలాడుతుంది. ఒంటిచేత్తో ఎత్తి బండిలో వేసుకోవచ్చు, కొనేవాడు అది చూసే మురిసిపోతాడు. తర్వాత ఆమె చక్రాలు తిప్పుతుంది. బండి లేస్తున్నకొద్దీ జాక్ దాని కిందికి కొంచెం కొంచెంగా దొర్లాలి. చక్రం మొరాయిస్తే తల జారుతుంది. ఆ తర్వాత పిడి కొట్టి, నూనె నెడితే తలను లేపే లోపలి కడ్డీని బయటికి రప్పించి, మెరుపు పూత మీద గోరు పెట్టి నెమ్మదిగా లాగుతుంది. వాళ్ల ఊళ్లో జాకులకు ఆయుక్షీణం అక్కడే. చలికాలమంతా మంచు కరగటానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. కారు ఆ ఉప్పునీళ్లు మోసుకొచ్చి గ్యారేజీ నేల మీద కారుస్తుంది. ఆ తడిలో జాక్ నాలుగు నెలలు నిలబడి ఉంటుంది. పూత మీద సూదిమొనంత గుంట పడుతుంది. కొట్టినప్పుడల్లా ఆ గుంట సీలును కాస్త కొరుకుతుంది.

“పని కాగానే తల పూర్తిగా దించి పెట్టండి,” అని ఆమె ప్రతివాడికీ చెబుతుంది. “కడ్డీ నూనెలో మునిగి ఉంటే ఉప్పు దాన్నేం చేయలేదు.” అందరూ తలూపుతారు. పదిమందిలో ఇద్దరు దించుతారు.

1998 మే నెలలో హిల్బర్ట్ షెడ్డు అమ్మేసి తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయాడు. ఆర్లిస్ పనిముట్లు ఇంటికొచ్చాయి. భర్త ఎల్రాయ్ ముప్ఫయ్యేళ్లు జున్ను ఫ్యాక్టరీలో పాలతొట్ల దగ్గర పనిచేసి ఇంట్లో కూర్చున్నవాడు. చేపల పడవను బయటికి ఈడ్చి, దానికి టార్పాలిన్ కప్పి, గ్యారేజీలో సగం ఖాళీ చేశాడు. తూర్పు గోడకు కిటికీ పెట్టించాడు. మూలన కట్టెల పొయ్యి కూర్చోబెట్టాడు.

“మహారాణీ, నీ సింహాసనం,” అన్నాడు, బోర్లించిన బకెట్టు చూపించి.

వేసవంతా అంతా బాగానే నడిచింది. పరీక్షకు బరువుగా ఎల్రాయ్ పాత ట్రక్కు వెనకభాగాన్ని వాడుకుంది. దిమ్మ మీద నిలబెట్టిన కర్రకు ఒక మేకు కొట్టి, ఫ్యాక్టరీ ఇనప మేకుకు బదులు అది పెట్టుకుంది. అదే జేబులో అదే నాణెం.

సెప్టెంబరు ఆఖరున మొదటి జాక్ దిగింది.

మేకు కింద నాణెం దూరింది. రెండోది కూడా దూరబోయింది. ఆర్లిస్ జాక్ విప్పి, సీలు మార్చి, మళ్లీ కట్టింది. మళ్లీ దిగింది. యజమానికి ఫోన్ చేసి ఇక దీనికి ఆయుష్షు లేదంది. తర్వాతి వారం ఇంకోటి. ఆ తర్వాత వాలీ అనే స్కూలుబస్సు డ్రైవర్ జాక్. దాన్ని మూడుసార్లు కట్టింది. మూడుసార్లూ దిగింది. ఇన్నేళ్లలో ఆమె చేతిమీదుగా వరసగా మూడు వెనక్కి పోయిన గుర్తు లేదు.

ఆమెకు అరవై నిండాయి. లోపల, నూనెను వెనక్కి పోనివ్వని వాల్వు దగ్గర మిరియపు గింజంత స్టీలు గోళీ ఒకటి ఉంటుంది. అది కూర్చునే గుంట అంచు నున్నగా ఉండాలి. ఆ అంచును భూతద్దంలో చూసి, వేలితో తడిమి ఆమె నిర్ణయిస్తుంది. ఇప్పుడు భూతద్దం లోంచి చూసి, కళ్లు నులుముకుని, మళ్లీ చూస్తోంది. వేలికొనను బొటనవేలితో రుద్ది చూసుకుంటోంది. అందులో ఏదో పోయిందని ఆమెకు అనుమానం పట్టుకుంది. ఎవరితోనూ అనలేదు.

అక్టోబరు నడిమిలో ఒక సోమవారం డెల్మార్ సింకులా వచ్చాడు. ఎనభై రెండేళ్ల రైతు. ఆవులను అమ్మేశాడు, బండ్లను అమ్మలేదు. జాక్‌ను ట్రాక్టర్ వెనక చిన్న బండిలో వేసుకొచ్చాడు.

“అమ్మాయ్, ఇది మీ ఫ్యాక్టరీదే. అరవై రెండులో కొన్నా. ముప్ఫై ఆరేళ్లు నా మాట విన్నది. ఇప్పుడు ఎత్తుతుంది గానీ, నేను రెంచి వెతుక్కునే లోపల కిందికొచ్చేస్తోంది.”

ఆర్లిస్ నూనె బిరడా తీసి వాసన చూసింది. తల వెనక్కి లాక్కుంది.

“ఇందులో ఏం పోశారు?”

“ఆయిలు.”

“ఏ ఆయిలు?”

“ఆయిలంటే ఆయిలే. షెల్ఫు మీదుంది, పోశా.”

“డెల్మార్, ఇది బ్రేకు ఆయిలు. బ్రేకులకు పోసేది.”

“జాక్ కూడా బండిని ఆపేదేగా?”

“సీళ్లు చూడండి, నానిన బఠాణీల్లా ఉబ్బిపోయాయి. మీ ఆవులకు కిరోసిన్ తాగించారా ఎప్పుడైనా?”

“అవి తాగవుగా. వాటికి నాకంటే తెలివెక్కువ,” అన్నాడు డెల్మార్. ట్రాక్టర్ వైపు కదిలాడు. “ఆదివారం చర్చి కాగానే వస్తా. చలి ముదరక ముందు ఆరు బండ్లకు చలికాలపు టైర్లు వేయాలి. కొత్త ఎర్రజాక్ కొనమంటోంది మా ఆవిడ. నాకిష్టం లేదు. ఆ జాక్ చేతికి నన్ను అప్పగించకు.”

అతను వెళ్లాక ఆర్లిస్ ఆ జాక్ చుట్టూ ఒకసారి తిరిగింది. పక్క పలకలు మందంగా ఉన్నాయి. కడ్డీ మీద గోరు ఎక్కడా ఆగలేదు. డెల్మార్ తల దించి పెట్టే ఇద్దరిలో ఒకడు. దీన్ని పరీక్షించింది తనే అయ్యుండాలి. ఈ జాక్ నిలబడకపోతే తప్పు జాక్‌ది కాదు. ఆ సంగతి ఆమెకు స్పష్టంగా తెలుసు.

మంగళవారం విప్పింది. ప్రతి ముక్కా కడిగింది. బ్రేకు ఆయిలు వాసన పోయేదాకా మళ్లీ కడిగింది. కొత్త సీళ్లు, కొత్త గోళీ, సరైన నూనె. బుధవారం పొయ్యి రాజేసుకుని, చొక్కా చేతులు మడిచి, సాయంత్రందాకా కూర్చుని కట్టింది. ట్రక్కు వెనకభాగం లేపింది. మేకు ఆనించింది. పొయ్యి ఆర్పి ఇంట్లోకి వెళ్లింది.

గురువారం పొద్దున మేకు కింద రెండు నాణేలు పట్టాయి.

ఆరోజు మళ్లీ విప్పింది. గోళీ గుంట అంచును మళ్లీ నూరింది. పొయ్యి ఎర్రగా మండుతుండగా మళ్లీ కట్టింది. ఎల్రాయ్ టోపీ పెట్టుకుని గ్యారేజీ గుమ్మంలోకి వచ్చాడు. గురువారాలు అతను పేకాటకు వెళతాడు.

“నా బండి ఇవాళ కూడా గాల్లోనేనా?”

“నడిచి వెళ్లు. పొట్ట తగ్గుతుంది.”

“ఏమోయ్, పోయిన వారం నడిచి వెళ్లా, చలికి చేతులు కొంకర్లు పోయి రాణి అనుకుని ఏడు వేశా. నీ జాకు వల్ల నా పరువు పోతోంది.”

ఆమె నవ్వలేదు. ఎల్రాయ్ టోపీ కిందికి లాక్కున్నాడు. తర్వాత నడిచి వెళ్లాడు.

శుక్రవారం పొద్దున కూడా రెండు నాణేలు పట్టాయి.

ఆర్లిస్ కాఫీ తాగి వచ్చి మళ్లీ విప్పింది. ఈసారి పొయ్యి వెలిగించలేదు. వెలిగించాలనిపించలేదు. చలిలో కోటు వేసుకునే ప్రతి ముక్కనూ కిటికీ వెలుగులోకి ఎత్తి చూసింది. తప్పు కనిపించలేదు. కనిపించకపోవటమే ఆమెను భయపెట్టింది. తప్పు ఉండి, కనిపించనిది తనకే అయితే? ఉన్నదున్నట్టుగా మళ్లీ కట్టి, ట్రక్కు లేపి, మేకు ఆనించి, తలుపు వేసింది.

సాయంత్రం ఇద్దరూ పక్కింటివాళ్ల కారులో చేపల విందుకు వెళ్లారు. శుక్రవారం ఊరు ఊరంతా అక్కడే ఉంటుంది. వేపిన చేప, రై రొట్టె, క్యాబేజీ తురుము. ఆర్లిస్ చేపను ఫోర్కుతో అటూ ఇటూ కదిపింది.

“రేపు కూడా దిగితే మానేస్తాను, ఎల్రాయ్.”

“ఈ జాకునా?”

“జాకులన్నీ. దాని కింద మనిషి పడుకుంటాడు. నా చేతుల మీద నాకు నమ్మకం లేనప్పుడు వాళ్లనెలా పడుకోమంటాను? పనిముట్లు అమ్మేస్తాను.”

ఎల్రాయ్ రొట్టెకు వెన్న రాస్తున్నవాడల్లా ఆగాడు. “మానేసి ఏం చేస్తావు?”

“గురువారాలు నీతో పేకాటకొస్తాను.”

“దేవుడా,” అన్నాడు ఎల్రాయ్, “ఆ జాకును నిలబెట్టు.”

ఆమె నవ్వింది. నవ్వి, ఫోర్కు కింద పెట్టి, కిటికీ లోంచి బయటికి చూసింది. ఆమె అన్నమాట తప్పే మనిషి కాదని ఎల్రాయ్‌కు తెలుసు. తర్వాత అతను కూడా పెద్దగా తినలేదు.

శనివారం పొద్దున ఆమె ఆలస్యంగా లేచింది. తొమ్మిదింటికి గ్యారేజీలోకి వెళ్లింది. నాణెం పట్టుకుని వంగింది. మేకుకూ జాక్ తలకూ మధ్య సందు లేదు. నాణెం కాదు కదా, కాగితం కూడా దూరలేదు.

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. ఇంకా వంగి చూసింది. అప్పుడు కర్ర దిమ్మ కనిపించింది. దిమ్మ నేల మీద ఆనలేదు. జాక్ తల మేకును, మేకు కర్రను, కర్ర దిమ్మను పైకి ఎత్తి పట్టుకున్నాయి. నాణెం దిమ్మ కింద దూరింది.

జాక్ దిగలేదు. లేచింది.

ఏ జాకూ దానంతట అది లేవదు. ఎవరో పిడి కొట్టాలి. ఆ ఇంట్లో చేతులున్నవాడు ఇంకొక్కడే.

ఎల్రాయ్ వంటింట్లో గుడ్లు వేపుతున్నాడు. ఆర్లిస్ గుమ్మంలో నిలబడింది.

“ఎన్నిసార్లు కొట్టావు?”

“రెండే. నాకొకటి, నీకొకటి.”

“గుడ్లు కాదు. పిడి.”

“ఏ పిడి?”

“నాటకాలు వద్దు, ఎల్రాయ్. పొద్దున్నే లేచి వెళ్లి దిగిన జాకును పైకి కొట్టావు. నేను చూసి సంతోషించి, దాన్ని తీసుకెళ్లి డెల్మార్‌కు ఇవ్వాలని. ఆ ముసలాయన దాన్ని నమ్మి...”

“నేను గ్యారేజీలోకే వెళ్లలేదు!”

“నలభై ఏళ్లుగా నీకు అబద్ధం చెప్పటం రాదు. ఇప్పుడు నేర్చుకోకు.”

ఎల్రాయ్ పెనం దించాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి. “విను. రాత్రి నాకా ఆలోచన రాలేదనను. వచ్చింది. మంచం మీద పడుకుని గంట ఆలోచించా. అలా చేస్తే నువ్వు నన్ను చంపుతావని నిద్రపోయా. చెయ్యలేదు. మా అమ్మ మీద ఒట్టు.”

“మరెవరు కొట్టారు, మీ అమ్మా?”

“నాకేం తెలుసు? నేను లేచేసరికే దక్షిణపు గాలి తిరిగింది. ఉక్కపోస్తోందని వంటింటి కిటికీ కూడా తెరిచా. చూడు, అక్టోబరులో. చేతుల్లేని చొక్కాతో ఉన్నా.”

ఆర్లిస్ అతని చొక్కా చూసింది. తెరిచిన కిటికీ చూసింది. తన ఒంటి మీద కోటు లేదన్న సంగతి అప్పుడే గమనించింది. నిన్న ఈ వేళకు కోటుతో వణికింది.

గ్యారేజీలోకి వెనక్కి వెళ్లింది.

తూర్పు కిటికీ లోంచి ఎండ నేరుగా జాక్ మీద పడుతోంది. ఆమె వంగి జాక్ నడుం మీద అరచేయి పెట్టింది. వెచ్చగా ఉంది. నిన్న సాయంత్రం అదే ఇనుము చేతిని కొరికింది. చేయి తీయకుండా అలాగే కూర్చుంది. లోపల నూనె ఉంది. పోవటానికి దారి లేదు. రాత్రి చల్లగా ఉన్న నూనె ఇప్పుడు వెచ్చబడింది. వెచ్చబడ్డది ఉబ్బుతుంది. ఉబ్బింది కడ్డీని నెడుతుంది. మరి వెచ్చగా ఉన్నప్పుడు కట్టి, పొయ్యి ఆర్పి, చలికి వదిలేసి వెళితే?

ఫ్యాక్టరీ పరీక్ష గదిలో చలికాలం వేసవి ఒకే వేడి ఉండేది. గోడ వెంట ఆవిరి గొట్టాలు పోయేవి. హిల్బర్ట్ షెడ్డులో పొయ్యి రాత్రంతా మండేది. ముప్ఫయ్యేళ్లూ ఏడేళ్లూ ఆమె సందును కొలిచింది గానీ, గదిని కొలవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇర్మా మేకు చూడమంది, నాణెం చూడమంది. గొట్టాల సంగతి చెప్పలేదు. ఇర్మాకూ తెలిసుండదు.

అయినా అనుకోవటం వేరు, చూడటం వేరు. ఆర్లిస్ అనుకున్నదాన్ని నమ్మే మనిషి కాదు. ఫ్యాక్టరీ మూసిన రోజు చివరగా తయారైన జాకులను పనివాళ్లకు తలా ఒకటి ఇచ్చారు. ఆమెకు వచ్చినదాన్ని ఏడేళ్లుగా ఎవరూ విప్పలేదు. ఎల్రాయ్ ట్రక్కు టైర్లకు ఏడాదికి రెండుసార్లు వాడి, తుడిచి, గోడ పక్కన పెడుతుంది. అందులో ఆమె చేతి తప్పు ఉండే వీలు లేదు.

సాయంత్రానికి గాలి మళ్లీ సరస్సు మీదనుంచి తిరిగి చలి వచ్చింది. పొయ్యి దండిగా రాజేసి, గది వెచ్చబడ్డాక ట్రక్కు వెనక ఇరుసు కింద ఆ చివర డెల్మార్ జాకును, ఈ చివర తన జాకును పెట్టి ఒకే ఎత్తుకు లేపింది. రెండు కర్రలు, రెండు మేకులు. పొయ్యి ఆర్పి, గ్యారేజీ తలుపు బార్లా తెరిచింది.

“పిల్లులు దూరతాయి,” అన్నాడు ఎల్రాయ్.

“దూరనీ. పిడి మాత్రం కొట్టనివ్వకు.”

“ఇంకా నమ్మలేదా నన్ను?”

“నమ్మాను. అందుకే తలుపు తెరిచాను.”

ఎల్రాయ్‌కు అర్థం కాలేదు. అయినా ఆ జవాబు బాగుందనిపించి ఊరుకున్నాడు.

ఆదివారం తెల్లవారుతూనే ఇద్దరూ కలిసి వెళ్లారు. నేల మీద సన్నగా మంచు పొర. ఆర్లిస్ ముందు డెల్మార్ జాకు దగ్గర వంగింది. రెండు నాణేలు పట్టాయి, మూడోది పట్టలేదు. లేచి, ట్రక్కు చుట్టూ తిరిగి, తన జాకు దగ్గరికి వచ్చింది. మోకాళ్ల మీద కూర్చుంది. ఒక నాణెం. రెండో నాణెం. మూడోది పట్టలేదు.

“అదీ పాడైపోయిందా?” అన్నాడు ఎల్రాయ్ గాభరాగా.

“లేదు,” అంది ఆర్లిస్. “తలుపు మూసి పొయ్యి వెలిగించు.”

గది వెచ్చబడటానికి గంటన్నర పట్టింది. ఆమె బకెట్టు మీద కూర్చుని చూసింది. ఎల్రాయ్ కాఫీ తెచ్చాడు. రెండు జాకులూ, ఎవరూ ముట్టుకోకుండా, కంటికి తెలియనంత నెమ్మదిగా లేచి మేకులను తాకాయి. ఎల్రాయ్ ఒక మేకు దగ్గర కాగితం ముక్క పెట్టి చూశాడు. దూరలేదు. రెండోదాని దగ్గరా చూశాడు.

“పాలు కూడా ఇంతే,” అన్నాడు. “తొట్టిలో వేడిమీద కొలిస్తే ఒకటి, చల్లారాక కొలిస్తే ఒకటి. కొత్తగా చేరినవాడు ఎవడో తాగాడనుకుంటాడు.”

ఆర్లిస్ అతనివైపు తిరిగింది. “ఇది నీకు ముప్ఫయ్యేళ్లుగా తెలుసా?”

“పాల సంగతి తెలుసు. జాకుల సంగతి నువ్వు అడగలేదుగా.”

ఆమె చాలాసేపు నవ్వింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది. చేతులు రెండూ ఒళ్లో పెట్టుకుని వాటిని చూసింది. వేళ్ల కణుపులు కాస్త లావెక్కాయి, గోళ్ల చుట్టూ నల్లటి గీత. పాత చేతులే. వాటికేం కాలేదు.

చర్చికి వెళ్లేలోపలే ఆమె మూడు ఫోన్లు చేయాలి. అది కష్టమైన పని. తప్పు నాది, మీ జాకు మంచిదే, అని చెప్పాలి. మొదటి ఆయన విని, “నేను వాడుతూనే ఉన్నా, ఆర్లిస్. నువ్వు వద్దన్నావని పారేస్తానా?” అన్నాడు. రెండో ఆమె జాకును చెల్లెలికి ఇచ్చేసిందట, వెనక్కి అడుగుతానంది. వాలీ జాకు మాత్రం లేదు. ఆమె మాట నమ్మి అతను తన జాకును పాత ఇనుము కింద వేసేశాడు. దుకాణానికి వెళ్లి ఎర్రది కొన్నాడు.

“ఫరవాలేదులే,” అన్నాడు వాలీ. “ఇదీ ఎత్తుతోంది.”

ఎత్తటానికేముంది, అనబోయి ఆర్లిస్ ఆగిపోయింది.

మధ్యాహ్నం డెల్మార్ వచ్చాడు. చొక్కా మీద ఇంకా చర్చి టై ఉంది. ఆర్లిస్ అతనికి రెండు మేకులూ చూపించి జరిగిందంతా చెప్పింది. దాచలేదు.

“అంటే చలికి కొంచెం దిగుతుందంటావు.”

“దిగుతుంది. రెండు నాణేల మందం. ఎండొస్తే లేస్తుంది. మంచి జాకైనా అంతే.”

“నేనూ అంతేగా, అమ్మాయ్. జనవరిలో నన్ను కొలిస్తే నాలుగు నాణేలు తక్కువొస్తా.” డెల్మార్ పిడి పట్టుకుని రెండుసార్లు కొట్టి చూశాడు. తల మెత్తగా లేచింది. అతని ముఖం విచ్చుకుంది. “ఇంకెన్నాళ్లు నడుస్తుంది?”

“మీరు షెల్ఫు మీద చేయి పెట్టకపోతే, మీ మనవళ్లదాకా.”

ఆమె కొత్త నూనె డబ్బా ఒకటి అతని బండిలో పెట్టింది. డబ్బా మీద పెద్ద అక్షరాలతో ‘జాకుకు’ అని రాసింది. డెల్మార్ అది చదువుకుని, “మా ఆవిడకు చూపించను,” అన్నాడు.

సోమవారం సాయంత్రం, బస్సు తిరిగొచ్చే వేళకు, ఆర్లిస్ వాలీ ఇంటికి వెళ్లింది. ట్రక్కు నేల మీదే ఉంది, ఎల్రాయే నడిపాడు. వెనకాల ఫ్యాక్టరీ ఆఖరి రోజున ఆమెకిచ్చిన జాకు ఉంది. పొద్దుటినుంచీ దాన్ని ఇవ్వాలా వద్దా అని ఆమె పెద్దగా ఆలోచించలేదు. తన మాట మీద ఒకడు మంచి జాకును పోగొట్టుకున్నాడు. ఇచ్చేందుకు తన దగ్గర మంచి జాకు ఒకటి ఉంది.

వాలీ గ్యారేజీ తలుపు తెరిచి ఉంది. ఎర్రజాకు నేల మీద నిలబడి ఉంది, తల పైకి ఎత్తుకుని. ఆర్లిస్ దాని పిడి తిప్పి తల దించింది.

“ఇది తీసుకో,” అంది ట్రక్కు వెనకభాగం చూపించి. “ఎవరూ విప్పని జాకు.”

“వద్దు ఆర్లిస్, ఇది నీకు వాళ్లిచ్చింది. ఊళ్లో అందరికీ తెలుసు.”

“గోడ పక్కన పెట్టుకోవటానికి ఇచ్చారా? బండ్లు ఎత్తటానికి ఇచ్చారు. నువ్వు బస్సు నడుపుతావు, సాయంత్రం ఇక్కడ పడుకుని పనిచేస్తావు. నేను నీ బూట్లు చూస్తూనే ఉంటాను.”

వాలీ, ఎల్రాయ్ చెరో చివరా పట్టి దించారు. వాలీ బరువుకు మూలిగాడు. దాన్ని కారు కిందికి తోశాడు. చక్రాలు చప్పుడు లేకుండా దొర్లాయి. పిడి కొట్టాడు. కారు ముక్కు లేచింది, నిలబడింది. అతను బండి ముక్కు మీద చేయి వేసి నొక్కి చూశాడు.

“మరి దీని కింద నిశ్చింతగా పడుకోవచ్చుగా?”

“పడుకోకు,” అంది ఆర్లిస్. “ముందు బండి కింద ఇనప స్టాండ్లు పెట్టు. నేను కట్టినదైనా, దేవుడు కట్టినదైనా.”

వాలీ స్టాండ్లు వెతకటానికి వెళ్లాడు. అవి ఓ మూల దొరికాయి, పాత పెయింటు డబ్బాల వెనక, ధూళి పట్టి. అతను వాటిని పెట్టేదాకా ఆమె అక్కడే నిలబడింది. తర్వాత ట్రక్కు ఎక్కింది. ఇంటి దగ్గర బల్ల మీద ఎవరిదో జాకు సగం విప్పి ఉంది. పొయ్యిలో ఇంకా నిప్పు ఉంటుంది.

“నేను నడపనా?” అంది.

“గురువారాలు నువ్వు పేకాటకొచ్చే గండం తప్పింది కాబట్టి, ఇవాళ నడుపు,” అన్నాడు ఎల్రాయ్, పక్కకు జరుగుతూ.